ఇండియా ఫండ్ కొంటున్నారా? లెక్క డాలర్లలో చూడండి

2014 డిసెంబరు 31న సెన్సెక్స్ 27,499 దగ్గర ముగిసింది. సరిగ్గా పదేళ్లకు, 2024 చివరి రోజున, 78,139 దగ్గర నిలిచింది. అంటే 2.84 రెట్లు. అదే పదేళ్లలో అమెరికా ఎస్ అండ్ పీ 500 సూచీ 2,059 నుంచి 5,882కు చేరింది. అది 2.86 రెట్లు. డివిడెండ్లు పక్కన పెడితే రెండు మార్కెట్లూ సమానంగా పరుగెత్తినట్టే కనిపిస్తుంది.

అయితే 2014 చివర్లో డాలరుకు 63 రూపాయలు వచ్చేవి. 2024 చివరికి ఆ అంకె 85 దాటింది. సెన్సెక్స్‌ను డాలర్లలోకి మార్చి చూస్తే పదేళ్లలో పెరిగింది 2.1 రెట్లే. ఏడాదికి సగటున రూపాయల్లో 11 శాతం వచ్చిన చోట డాలర్లలో 7.7 శాతం మిగిలింది. ఆ మూడు శాతం పైచిలుకు తేడాను ఏ ఫండ్ మేనేజరూ పోగొట్టలేదు, ఏ కంపెనీ దివాలా తీయలేదు. రూపాయి నెమ్మదిగా జారుతూ తినేసింది.

అమెరికాలో జీతం డాలర్లలో తీసుకుని, పిల్లల కాలేజీ ఫీజు డాలర్లలో కట్టి, రిటైరయ్యాక కూడా అక్కడే ఉండాలనుకునే తెలుగు కుటుంబానికి లెక్కలోకి వచ్చేది రెండో అంకె. ఎడిసన్‌లోనైనా ఇర్వింగ్‌లోనైనా నలుగురు తెలుగువాళ్లు కలిసినచోట మాట షేర్ల మీదికి మళ్లితే, ‘మన దేశం ఎదుగుతోంది, అందులో మన వాటా కూడా ఉండాలి కదా’ అనేవారు ఒక్కరైనా ఉంటారు. కోరిక న్యాయమైనదే. దాన్ని తీర్చడానికి ఒకే దేశపు షేర్లలో మదుపు చేసే ఫండ్లు అమెరికా మార్కెట్లోనే బోలెడు ఉన్నాయి. వాటిలో ఏది మంచిదో, ఎంత ప్రమాదమో తేల్చుకోవడం మాత్రం నిరుటి రాబడి చూసినంత తేలిక కాదు.

జపాన్ నుంచి ఇండియా దాకా

ఒకే దేశంలో మదుపు చేసే ఫండ్లు అమెరికన్లకు కొత్తేమీ కాదు. జపాన్ ఫండ్ 1962 నాటిది. 1981లో మెక్సికో ఫండ్, 1984లో కొరియా ఫండ్ వచ్చాయి. భారత్ 1992లో విదేశీ సంస్థాగత మదుపరులకు తలుపులు తెరిచాక, 1994 ఫిబ్రవరిలో ఇండియా ఫండ్ న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజీలో అడుగుపెట్టింది. శాన్‌ఫ్రాన్సిస్కోకు చెందిన మాథ్యూస్ సంస్థ 2005లో మాథ్యూస్ ఇండియా ఫండ్ తెచ్చింది. 2008లో విజ్డమ్‌ట్రీ, 2012లో ఐషేర్స్, 2018లో ఫ్రాంక్లిన్ ఇండియా ఈటీఎఫ్‌లను ప్రారంభించాయి.

పేరులో ‘ఇండియా’ ఉన్నంత మాత్రాన ఇవన్నీ ఒకటి కావు. మాథ్యూస్‌ది మామూలు మ్యూచువల్ ఫండ్. షేర్లను మేనేజర్ ఏరి కొంటాడు. యూనిట్లు ఆ రోజు ఎన్‌ఏవీ (ఫండ్ నికర ఆస్తుల్లో ఒక్కో యూనిట్ విలువ) ధరకే దొరుకుతాయి. ఐషేర్స్, ఫ్రాంక్లిన్ ఈటీఎఫ్‌లు ఒక సూచీని అనుసరిస్తూ రోజంతా షేరులా చేతులు మారతాయి. 1994 నాటి ఇండియా ఫండ్ క్లోజ్డ్ ఎండ్ రకం. దాని యూనిట్ల సంఖ్య మామూలుగా మారదు కాబట్టి మార్కెట్లో గిరాకీని బట్టి ధర అసలు విలువ కంటే ఎక్కువ కావచ్చు, తక్కువా కావచ్చు. పనితీరును తూచే ముందు చేతిలో ఉన్నది ఏ రకమో తెలియాలి.

62 పోయి 97 వస్తే

మాథ్యూస్ ఇండియా ఫండ్ 2008లో సుమారు 62 శాతం నష్టపోయింది. 2009లో సుమారు 97 శాతం లాభపడింది. రెండూ కలిపి సగం చేస్తే ఏడాదికి పదిహేడున్నర శాతం సగటు లాభం! కాగితం మీద బ్రహ్మాండంగా ఉంది. ఇప్పుడు డబ్బు పెట్టి చూద్దాం. 2007 చివర్లో 10,000 డాలర్లు పెట్టిన మనిషికి ఏడాది తిరిగేసరికి మిగిలింది 3,800. దాని మీద 97 శాతం పెరిగితే దాదాపు 7,500. పదిహేడున్నర శాతం ‘సగటు లాభం’ వచ్చిన ఆ రెండేళ్లలో చేతి నుంచి పావు వంతు డబ్బు పోయింది.

సగం పోయిన సొమ్ము మళ్లీ మొదటికి రావాలంటే నూరు శాతం పెరగాలి. 62 శాతం పోతే 163 శాతం పెరగాలి. అందుకే ఏడాది రాబడుల మామూలు సగటును నమ్మకూడదు. చక్రవడ్డీ పద్ధతిలో లెక్కకట్టిన వార్షిక రాబడినే చూడాలి. అమెరికా సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజ్ కమిషన్ (ఎస్ఈసీ) నిబంధనల ప్రకారం ప్రతి మ్యూచువల్ ఫండూ, ఈటీఎఫూ తన ప్రాస్పెక్టస్‌లో ఏడాది, ఐదేళ్లు, పదేళ్ల రాబడులను ఒక విస్తృత సూచీతో పక్కపక్కనే చూపాలి. పదేళ్ల వరకు ఏటేటి రాబడుల బార్ చార్టు వేసి, అతి మంచి త్రైమాసికం ఏది, అతి చెడ్డ త్రైమాసికం ఏది అన్నదీ రాయాలి.

2008 పతనంలో మేనేజర్ తప్పెంత? ఆ ఏడాది సెన్సెక్స్ 20,287 నుంచి 9,647కు కూలింది. రూపాయల్లో నష్టం 52 శాతం. ఏడాది మొదట్లో 39 రూపాయల చిల్లర ఉన్న డాలరు చివరికి 48 దాటింది. రెండు దెబ్బలూ కలిపితే సెన్సెక్స్‌కు డాలర్లలో నష్టం 60 శాతం పైమాటే. అంటే ఫండ్ మార్కెట్‌తోపాటే పడింది. ఒకే దేశపు ఫండ్లలో ఇది మాటిమాటికీ కనిపించే తీరు. ప్రపంచ మదుపరులు భయపడి వెళ్లిపోయేటప్పుడు షేర్లమ్మి, వచ్చిన రూపాయలను డాలర్లుగా మార్చుకుంటారు. షేరు ధర, రూపాయి విలువ ఒకేసారి పడతాయి.

ఇదే ఫండ్ 2007లో 60 శాతానికి పైగా పెరిగింది. ఆ అంకె చూసి 2007 ఆఖర్లో చేరినవారి గతి పైన చెప్పుకున్నదే. 2005 చివర్లో ఫండ్ పుట్టిన కొత్తలోనే చేరి కదలకుండా కూర్చున్నవారు 2009 చివరికి లాభంలోనే ఉన్నారు. ఫండ్ రాబడి అందరికీ ఒకటే అయినా, మదుపరి రాబడి చేరిన రోజును బట్టి మారిపోతుంది. మంచి ఏడాది తర్వాత ఎగబడే అలవాటు ఉన్నవారికి ఈ తేడా మరీ పెద్దది.

ఎవరితో పోల్చాలి?

ఇండియా ఫండ్‌ను ఇండియా సూచీతో పోలిస్తే మేనేజర్ పనితనం తెలుస్తుంది. అమెరికా సూచీతో పోలిస్తే ఇండియాలో డబ్బు పెట్టడం గిట్టుబాటైందా అన్నది తెలుస్తుంది. ఈ రెండు ప్రశ్నలనూ కలగలిపితే జవాబు తప్పుతుంది. ఎంఎస్‌సీఐ ఇండియా సూచీ ఏడాదిలో 20 శాతం పడితే, 15 శాతమే పడిన మేనేజర్ నిపుణుడే. ఆయన్ను నమ్మినవారికి మాత్రం నష్టం నష్టమే.

ఫండ్లను తూచే మార్నింగ్‌స్టార్ సంస్థ రేటింగుగా ఇచ్చే నక్షత్రాలు మొదటి ప్రశ్నకే జవాబిస్తాయి. ఐదు నక్షత్రాల ఇండియా ఫండ్ అంటే, రిస్కును సర్దుబాటు చేశాక తోటి ఇండియా ఫండ్ల కంటే మెరుగ్గా ఉందని. ఇండియా మార్కెట్ రాబోయే పదేళ్లలో బాగుంటుందని ఆ నక్షత్రాలు చెప్పవు.

పోలికలో ఇంకో మూడు విషయాలు చూసుకోవాలి. సూచీ డాలర్లలో ఉందా, రూపాయల్లోనా? డివిడెండ్లు కలిపిందా, లేదా? సూచీలో ఉన్న కంపెనీలూ ఫండ్‌లో ఉన్న కంపెనీలూ ఒకే కోవకు చెందినవేనా? చిన్న కంపెనీలు ఎక్కువగా కొనే ఫండ్‌ను, 30 పెద్ద కంపెనీలే ఉండే సెన్సెక్స్ పక్కన పెట్టి ‘మార్కెట్‌ను ఓడించాం’ అనడం సరైన పోలిక కాదు.

ఊగిసలాటను కొలిచే అంకెలు

ఫండ్ పేజీలో స్టాండర్డ్ డీవియేషన్ అనే అంకె ఉంటుంది. రాబడి తన సగటు నుంచి ఎంత దూరం ఊగుతుందో అది చెబుతుంది. సగటు రాబడి 10, డీవియేషన్ 20 అనుకుందాం. సుమారుగా మూడేళ్లలో రెండేళ్లు రాబడి మైనస్ 10కీ ప్లస్ 30కీ మధ్య ఉంటుందని అర్థం. మూడో ఏడాది దానికి అటో ఇటో. 2008 లాంటివి ఆ అటుపక్క వచ్చే ఏళ్లు.

రిస్కుకు తగిన ఫలం దక్కిందా అన్నది చూడటానికి షార్ప్ రేషియో ఉంది. 1990లో నోబెల్ అందుకున్న ఆర్థికవేత్త విలియమ్ షార్ప్ 1966లో ప్రతిపాదించిన కొలమానం ఇది. ఫండ్ రాబడిలోంచి ఏ భయమూ లేని ట్రెజరీ బిల్లుల రాబడి తీసేసి, మిగిలినదాన్ని డీవియేషన్‌తో భాగించాలి. ట్రెజరీ బిల్లుల మీద 4 శాతం వస్తున్నప్పుడు ఒక ఇండియా ఫండ్ 24 డీవియేషన్‌తో 12 శాతం ఇచ్చిందనుకుందాం. రేషియో 0.33. వేరొక విస్తృత ఫండ్ 15 డీవియేషన్‌తో 10 శాతం ఇస్తే రేషియో 0.40. రాబడి తక్కువైనా, పడ్డ ఒడుదొడుకులకు రెండోదే ఎక్కువ ముట్టజెప్పింది.

చాలామంది పొరబడేది, సూచీ కదిలినప్పుడు ఫండ్ ఎంత కదులుతుందో చెప్పే బీటా దగ్గర. ఎస్ అండ్ పీ 500తో పోల్చి లెక్కకట్టినప్పుడు ఇండియా ఫండ్ బీటా ఒకటి కంటే తక్కువ రావచ్చు. అది చూసి ‘అమెరికా షేర్ల కంటే భద్రం’ అనుకుంటే పప్పులో కాలేసినట్టే. భారత మార్కెట్ అమెరికాతో అడుగులో అడుగు వేయదు కాబట్టి బీటా తగ్గింది. తనకు తానుగా అది ఊగే ఊపు ఎక్కడికీ పోలేదు. బీటాను నమ్మే ముందు, ఫండ్ కదలికలు ఆ సూచీతో ఎంత కలుస్తాయో చెప్పే ఆర్-స్క్వేర్డ్‌ను పక్కనే చూడాలి. అది తక్కువగా ఉంటే ఆ బీటాకు పెద్ద విలువ లేదు.

మామూలు మదుపరికి వీటన్నిటికంటే తేలిగ్గా అర్థమయ్యేది గరిష్ఠ పతనం. శిఖరం నుంచి అడుగు దాకా ఎంత శాతం పోయింది, మళ్లీ శిఖరానికి రావడానికి ఎన్నేళ్లు పట్టింది? రెండో ప్రశ్నకు జపాన్ చెప్పిన జవాబు ఇప్పటికీ వణుకు పుట్టిస్తుంది. 1989 డిసెంబరు 29న 38,915 దగ్గర ముగిసిన నిక్కీ సూచీ ఆ ఎత్తును మళ్లీ దాటింది 2024 ఫిబ్రవరి 22న. మధ్యలో 34 ఏళ్లు. జపాన్ అప్పుడు ప్రపంచంలో రెండో పెద్ద ఆర్థిక వ్యవస్థ. టయోటా, సోనీ ఉత్పత్తులు ఆ కాలమంతా లోకమంతటా అమ్ముడవుతూనే ఉన్నాయి. దేశం గొప్పదైనా, అతి ఖరీదు పెట్టి కొన్న షేరు లాభమివ్వాలనే నియమం లేదు.

అంకెలకు అందని ముప్పు

2009 జనవరి 7 ఉదయం హైదరాబాద్‌లో సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు రాసిన లేఖ బయటికొచ్చింది. ఖాతాల్లో చూపిన నగదులో 5,000 కోట్ల రూపాయలకు పైగా అసలు లేనే లేదన్నది దాని సారాంశం. అంతకుముందు రోజు 179 రూపాయలున్న షేరు ఆ రోజు 40 రూపాయల దగ్గర ఆగింది. సెన్సెక్స్ ఒక్కరోజులో 7 శాతానికి పైగా పడింది. సత్యం ఏ మూలనో ఉన్న కంపెనీ కాదు. సెన్సెక్స్ 30లో ఒకటి, న్యూయార్క్ ఎక్స్ఛేంజీలో నమోదైన సంస్థ. ముందు రోజు వరకు ఏ డీవియేషన్‌లోనూ, ఏ బీటాలోనూ ఆ మోసం జాడ లేదు. అయినా 30 కంపెనీల్లో ఒకటి మునిగితే మిగతా 29 ఉంటాయి. ఫండ్ కొనడంలో ఉన్న రక్షణ అది.

దేశమే తలుపులు మూసుకుంటే ఆ రక్షణా ఉండదు. 2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్ మీద దండెత్తింది. మార్చి 4న అమెరికా ఎక్స్ఛేంజీల్లో ఐషేర్స్, వాన్‌ఎక్ సంస్థల రష్యా ఈటీఎఫ్‌ల లావాదేవీలు ఆగిపోయాయి. కొద్దిరోజులకే ఎంఎస్‌సీఐ తన సూచీల్లో రష్యా షేర్ల ధరను దాదాపు సున్నాగా లెక్కకట్టి తీసేసింది. తర్వాత ఆ ఫండ్లు మూతపడ్డాయి. ఇండియా రష్యా కాదు. కానీ ఒకే దేశపు ఫండ్‌లో ఆ దేశపు రాజకీయాలు, చట్టాలు, కరెన్సీ అన్నీ ఒకే బుట్టలో ఉంటాయన్నది మర్చిపోరాదు.

ధర వేరు, విలువ వేరు

క్లోజ్డ్ ఎండ్ ఫండ్లలో మరో విచిత్రం ఉంటుంది. 2014 డిసెంబరు 17న క్యూబాతో సంబంధాలు పునరుద్ధరిస్తామని అప్పటి అమెరికా అధ్యక్షుడు ఒబామా ప్రకటించారు. హెర్జ్‌ఫెల్డ్ కరీబియన్ బేసిన్ ఫండ్ స్టాక్ మార్కెట్ గుర్తు అప్పట్లో ‘క్యూబా’. ఆంక్షల వల్ల అది క్యూబా కంపెనీల షేర్లు కొనలేదు. క్యూబా తెరుచుకుంటే లాభపడే ఇతర కంపెనీల షేర్లే దాని దగ్గర ఉండేవి. అయినా జనం పేరు చూసి ఎగబడ్డారు. కొద్దిరోజుల్లో ధర దాదాపు రెట్టింపైంది. ఫండ్ దగ్గరున్న షేర్ల విలువ అంత పెరగలేదు. ఉత్సాహం చల్లారాక ధరా దిగొచ్చింది.

1994 నాటి ఇండియా ఫండ్‌కూ ఈ తేడా ఉంటుంది. ధర ఎన్‌ఏవీ కంటే ఎంత తక్కువ, ఎంత ఎక్కువ అన్నది కొనేముందు చూడాలి. ఈ ఫండ్ ఏటా ఎన్‌ఏవీలో 10 శాతం మేర త్రైమాసికాలవారీగా పంచే విధానం పెట్టుకుంది. అది చూసి ‘10 శాతం వడ్డీ’ అనుకునేవారున్నారు. కంపెనీల నుంచి వచ్చే డివిడెండ్లు అంత ఉండవు. పంచేదాంట్లో షేర్లమ్మగా వచ్చిన లాభం ఉంటుంది, లాభం చాలనప్పుడు మదుపరి పెట్టిన అసలులోంచీ తిరిగి వస్తుంది. ఆ వాటాల వివరాన్ని ఫండ్ నోటీసులో చెబుతుంది. చదివేవారే తక్కువ.

ఖర్చులు, పన్నులు

ఫ్రాంక్లిన్ ఇండియా ఈటీఎఫ్ ఏడాదికి 0.19 శాతం తీసుకుంటుంది. మేనేజర్ ఏరి కొనే ఇండియా మ్యూచువల్ ఫండ్లలో చాలావాటి ఖర్చు ఒక శాతం దాటుతుంది. చిన్న తేడాలా ఉంటుంది. మార్కెట్ ఏటా 8 శాతం ఇస్తే, 10,000 డాలర్లు 20 ఏళ్లలో 0.2 శాతం ఖర్చున్న ఫండ్‌లో 44,900 అవుతాయి. 1.1 శాతం ఖర్చుంటే 38,000. తేడా దాదాపు 6,900 డాలర్లు. ఖరీదైన మేనేజర్ ముందు ఆ లోటు పూడ్చి, ఆపైన గెలవాలి.

ఖర్చు పట్టికలో కనబడని కోత ఇంకొకటి ఉంది. అమెరికా ఫండ్ భారత్‌లో షేర్లమ్మి లాభపడితే అక్కడ పన్ను కట్టాలి. 2024 జులై 23 నుంచి దీర్ఘకాలిక లాభం మీద 12.5 శాతం, స్వల్పకాలిక లాభం మీద 20 శాతం. ఇంకా అమ్మని షేర్ల లాభం మీద కూడా రాబోయే పన్నును ముందే లెక్కకట్టి ఎన్‌ఏవీలోంచి తగ్గిస్తారు. సూచీకి ఈ పన్ను లేదు. అందుకే సూచీని అనుసరించే ఈటీఎఫ్ కూడా తన ఖర్చు కంటే ఎక్కువ మేర సూచీకి వెనకబడుతుంది. అది మోసం కాదు, కానీ రాబడిలో కోతే.

‘అలాంటప్పుడు హైదరాబాద్‌లో ఉండే తమ్ముడి సలహాతో నేరుగా భారత మ్యూచువల్ ఫండ్‌లోనే సిప్ కడితే పోలా?’ అనే ప్రశ్న సహజం. ఇక్కడే అసలు గొయ్యి ఉంది. 1986 నాటి అమెరికా పన్ను చట్టం విదేశాల్లో నమోదైన మ్యూచువల్ ఫండ్లను పీఎఫ్‌ఐసీ అనే కోవలో పెట్టింది. అమెరికాకు పన్ను కట్టాల్సినవారు, అంటే పౌరులు, గ్రీన్‌కార్డుదారులతోపాటు చాలామంది హెచ్-1బీ ఉద్యోగులు కూడా, అలాంటి ఫండ్ల కోసం 8621 ఫారం నింపాల్సి వస్తుంది, అదీ ఒక్కో ఫండ్‌కు ఒక్కోటి. ముందుగా వేరే పద్ధతి ఎంచుకోకపోతే, అమ్మినప్పుడు వచ్చిన లాభాన్ని ఉంచుకున్న ఏళ్లన్నిటికీ పంచి, గడిచిన ఏళ్ల వాటాకు ఆయా ఏళ్ల గరిష్ఠ రేటున పన్ను వేసి, పైన వడ్డీ కలుపుతారు. విదేశీ ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఎప్పుడైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ అనే నివేదిక దాఖలు చేయడం దీనికి అదనం. అమెరికాలో నమోదైన ఇండియా ఫండ్‌కు ఈ పీఎఫ్‌ఐసీ బెడద లేదు. ఏడాదికి పైగా ఉంచి అమ్మితే మామూలు దీర్ఘకాలిక లాభాల రేటే వర్తిస్తుంది. భారత్‌లో రాబడి ఎక్కువ కనిపించే ఫండ్, పన్ను పోగా అమెరికా ఫండ్ కంటే తక్కువ మిగల్చడం అందుకే సాధ్యం.

ఇంట్లో ఇప్పటికే ఎంత ఇండియా ఉంది?

ఏ రేటింగూ అడగని ప్రశ్న ఇది. అమెరికాలోని ఎన్నో తెలుగు కుటుంబాలకు గచ్చిబౌలిలోనో విజయవాడ శివార్లలోనో ఫ్లాటో స్థలమో ఉంటుంది. ఎన్ఆర్ఈ డిపాజిట్లు ఉంటాయి. ఊళ్లో తల్లిదండ్రుల ఆస్తి ఎటూ ఉంది. ఇవన్నీ రూపాయి మీద, ఒకే దేశపు ఆర్థిక స్థితి మీద ఆధారపడ్డవే. రిటైర్మెంట్ ఖాతాలో వర్ధమాన దేశాల ఫండ్ ఉంటే అందులోనూ ఇండియా ఉంటుంది. 2024లో ఎంఎస్‌సీఐ వర్ధమాన దేశాల సూచీలో భారత్ వాటా దాదాపు ఐదో వంతు. ఈ లెక్క వేసుకోకుండా ఇండియా ఫండ్ కొంటే, ఉన్న మొగ్గు మీద ఇంకో మొగ్గు వేసినట్టవుతుంది.

ఇండియా ఫండ్ కొనకూడదని ఎవరూ అనరు. రిటైరయ్యాక హైదరాబాద్ తిరిగి వచ్చి రూపాయల్లో ఖర్చు పెట్టేవారికి ఆ ఫండ్ ఒక తీరుగా, అట్లాంటాలోనే ఉండిపోయేవారికి మరో తీరుగా ఉపయోగపడుతుంది. మొదటివారికి రూపాయి జారుడు అంత బాధించదు. రెండోవారు మొత్తం మదుపులో చిన్న భాగానికే దాన్ని పరిమితం చేసుకోవాలి, పదేళ్లు ముట్టుకోనక్కర్లేని డబ్బే పెట్టాలి.

ప్రతి మ్యూచువల్ ఫండ్, ఈటీఎఫ్ ప్రాస్పెక్టస్ సంస్థ వెబ్‌సైట్లోనూ, ఎస్ఈసీ వారి ఎడ్గార్ అనే ఆన్‌లైన్ భాండాగారంలోనూ ఉచితంగా దొరుకుతుంది. కొనే ముందు అందులోని బార్ చార్టు తీసి, అతి చెడ్డ త్రైమాసికం పక్కనున్న శాతాన్ని మీరు పెట్టబోయే డాలర్లతో గుణించండి. ఆ అంకెను ఇంట్లో ఇద్దరూ కలిసి చూడండి. మూడు నెలల్లో అంత పోయినా అమ్మకుండా ఉండగలమనుకుంటేనే కొనండి. లేదంటే పెట్టే మొత్తాన్ని సగం చేసి మళ్లీ లెక్క వేయండి.